లక్క నుండి డ్యూకో దాకా: ఒక బుల్లెట్టు ట్యాంకు కథ

ఛందస్సో, శతకమో, ఏదైనా పాత పదం పుట్టుపూర్వోత్తరాలో చెబుతాననుకొని వచ్చినవారు ఈసారికి నన్ను మన్నించాలి. ఈ టపాలో చెప్పబోయేది మోటారుసైకిలు రంగు గుఱించి. తెలుగు పండితుడికీ మోటారుసైకిలుకూ ఏమిటి సంబంధం అంటారా? సంబంధం మా అన్నయ్య ద్వారా వచ్చింది. ఆయన 1977లో కొన్న నల్లని బుల్లెట్టు, ఆయన పోయిన తరువాత నా సంరక్షణలోకి వచ్చి, నా సంరక్షణ వల్లనే పాడయింది. ఆ పాపపరిహారార్థం కొన్ని పుస్తకాలు తిరగేశాను. అందులో తెలిసిన సంగతులు మీతో చెప్పుకోవాలని.

అన్నయ్య 2022 మార్చిలో కాలం చేశాడు. బందరులో వదినగారు ఉంటున్న ఇంటి వసారాలో బండి నిలిచిపోయింది. తొలకరికి ముందు నేనే వెళ్లి, దానిమీద పాత దుప్పటి కప్పి, ఆ పైన మందపాటి ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పి, గాలి కూడా చొరకుండా నులక తాడుతో బిగించి కట్టాను. ఎంతో జాగ్రత్త చేశానని నా నమ్మకం. 2024 కార్తికంలో మా అన్నయ్య కొడుకు హైదరాబాదు నుండి వచ్చి, "బాబాయ్, బండి బయటికి తీద్దాం" అన్నప్పుడు ఇద్దరం కలిసి తాళ్లు విప్పాం. లోపల దుప్పటి తడిసి, ఎండి, మళ్లీ తడిసి, బూజు పట్టి ఉన్నది. మడ్‌గార్డుల అంచులు పొరలు పొరలుగా లేచాయి. హ్యాండిలు మీది క్రోమియం మెఱుపంతా పోయి పసుపుపచ్చని చుక్కలు తేలింది. ట్యాంకు అడుగున కుట్టు వెంబడి రంగు బొబ్బలెక్కింది. మా వాడు నన్ను ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే ఎక్కువ కష్టంగా తోచింది.

ఒక్కచోట మాత్రం తుప్పు లేదు. ట్యాంకుకు కుడివైపున, అన్నయ్య మోకాలు ఒరిసి ఒరిసి రంగంతా పోయి ఇనుము బయటపడిన చోట. అరచేయంత మేర. రంగున్న చోటల్లా తుప్పు పట్టి, రంగు లేని చోట పట్టకపోవడం ఎట్లా జరిగిందో ఆ రోజు నాకు అర్థం కాలేదు. ఆ సంగతి తరువాత చెబుతాను.

ఇనుము తుప్పు పట్టడానికి రెండు కావాలి. నీరు, ప్రాణవాయువు. ఉప్పు తోడైతే పని వేగంగా సాగుతుంది, ఎందుకంటే ఉప్పు గాలిలోని తేమను లాక్కొని ఇనుము మీద పలుచని నీటిపొరను నిలబెడుతుంది, ఆ పొరలో విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది. తుప్పు పట్టడం నిజానికి ఒక చిన్న బ్యాటరీ పని. బందరు గాలిలో ఉప్పుకు కొదవ లేదు. పైగా తుప్పు తాను పుట్టిన ఇనుము కంటె ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల రంగు కింద సూదిమొన మోపినంత రంధ్రం దొరికినా చాలు, లోపల ఉబ్బి, పైనున్న రంగును పెకలించి, మఱికాస్త ఇనుమును బయటపెట్టి ముందుకు పాకుతుంది. నేను కట్టిన టార్పాలిన్ వాననీటిని ఆపింది కాని, నేలలోంచి లేచిన ఆవిరిని బయటికి పోనివ్వలేదు. రాత్రి చల్లబడినప్పుడు ఆ ఆవిరి బండి మీదనే నీరై దిగింది. బండిని కప్పితే గాలి ఆడే గుడ్డ కప్పాలి, అదీ కింద ఖాళీ వదిలి కప్పాలి. ఈ ముక్క ఏ మెకానిక్కును అడిగినా చెప్పేవాడు, నేను అడగలేదు.

మన పూర్వులు దీనిని ఎఱుగనివారు కారు. ఆయుర్వేదంలో ఇనుప కిట్టానికి మండూరమని పేరు, అది భస్మమై పాండురోగానికి మందయింది. ఇంటింటా ఇత్తడి గిన్నెలకు చిలుము పట్టకుండా కళాయి పూయించేవారు. నా చిన్నతనంలో కళాయి వేసే సాయిబు వీధిలో కొలిమి పెట్టుకొని, తిత్తి ఊది, గిన్నె ఎఱ్ఱగా కాల్చి, నవాసాగరం చల్లి, తగరం ముక్క తాకించి దూదితో ఒక్క చుట్టు చుట్టేవాడు. నల్లని గిన్నె వెండిగిన్నె అయ్యేది. ఒక లోహాన్ని మఱొక లోహంతో కాపాడడం అది. రంగు పూతది వేరే దారి. ఆ దారి కూడా ఒక చివర మన లక్క దగ్గఱే మొదలవుతుంది.

లక్క అంటే కొన్ని చెట్ల కొమ్మలను ఆశ్రయించిన చిన్న పురుగులు తమ మీద తాము కట్టుకొనే గూడు. మహాభారతంలో పాండవులకు కట్టించిన ఇల్లు దీనితోనే. సంస్కృతంలో లాక్ష, ప్రాకృతంలో లక్ఖ, మనకు లక్క. ఈ మాట పారసీక, అరబ్బీ భాషల మీదుగా పోర్చుగీసు వర్తకుల నోటికి చేరి లాక్రే అయింది. ఇంగ్లీషువాడు దానినే లాకర్ అన్నాడు. అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో నేటికీ అంకుడు కఱ్ఱను తరిణి మీద తిప్పుతూ లక్క కడ్డీని ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కఱ్ఱకు పట్టుకొంటుంది. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ బొమ్మ నునుపూ, బండి ట్యాంకు నునుపూ దూరపు చుట్టాలని నాకు ఇంతకాలం తెలియదు.

పదిహేడవ శతాబ్దంలో ఐరోపా ధనికులకు చైనా, జపాను దేశాల నల్లని నిగనిగల పెట్టెల మీద మోజు పుట్టింది. అసలు ఆ దేశాల పూత లక్కపురుగుది కాదు, ఒక చెట్టు పాలు. దానికొక వింత గుణం ఉన్నది. అన్ని రంగులూ పొడిగాలిలో ఆఱితే, అది తేమగాలిలో గట్టిపడుతుంది. ఏ తేమ ఇనుమును తినేస్తుందో ఆ తేమే ఆ పూతకు ప్రాణం. జపాను యోధులు తమ ఇనుప కవచాలకు దానినే పూసుకొన్నారు. ఆ చెట్టుపాలు ఓడలలో ఐరోపా చేరేసరికి పనికిరాకుండా పోయేవి. కనుక అక్కడివారు మన లక్కను సారాయిలో కరిగించి ఆ నిగనిగను అనుకరించారు. 1688లో స్టాకర్, పార్కర్ అనే ఇద్దరు ఈ విద్యమీద ఇంగ్లీషులో ఒక గ్రంథమే వ్రాశారు. ఆ పనికి పేరు 'జపానింగ్'. మనం మన లక్కను అమ్మితే, పేరు మాత్రం జపానుకు పోయింది!

లక్క పూత పెట్టెలకూ బల్లలకూ సరిపోయింది కాని ఇనుముకు చాలలేదు. పద్దెనిమిదవ శతాబ్దం తొలిరోజుల్లో వేల్సులోని పాంటిపూలులో ఆల్‌గుడ్ కుటుంబంవారు ఇనుప రేకుల కోసం మఱో పాకం కనిపెట్టారు. రాతి తారు, అవిసె నూనె, పలుచన చేయడానికి టర్పెంటైను. ఇది పూసి ఊరకే ఆఱబెట్టరు, పొయ్యిగదిలో పెట్టి కాలుస్తారు. ఇందులో రహస్యమంతా అవిసె నూనెది. నూనెలలో రెండు జాతులున్నాయి. అవిసె నూనె వంటివి గాలిలోని ప్రాణవాయువును తీసుకొని క్రమంగా గట్టి పొరగా మాఱతాయి. కొబ్బరి నూనె వంటివి ఎన్నాళ్లుంచినా నూనెగానే ఉంటాయి. చిత్రకారులకూ రంగులవారికీ మొదటి జాతి కావాలి. రెండవ జాతికీ ఒక ప్రయోజనం ఉందని నేను ఈ బండి దగ్గఱనే నేర్చుకొన్నాను.

ఇక రెడ్డిచ్ సంగతి. ఇంగ్లండులోని ఈ చిన్న ఊరు ఒకప్పుడు లోకానికంతటికీ కుట్టుసూదులు చేసిపెట్టిన ఊరు. అక్కడ సూదులు చేసే జార్జి టౌన్సెండ్ సంస్థ సైకిళ్ల పనిలో దిగి, చేతులు మాఱి, 1893లో ఎన్‌ఫీల్డులోని రాజాస్థానపు తుపాకుల కర్మాగారానికి విడిభాగాలు చేసే పని సంపాదించి, ఆ గౌరవంతో రాయల్ ఎన్‌ఫీల్డు అయింది. తుపాకిలా తయారైనది అనే అర్థం వచ్చే నినాదం వాళ్ల ముద్రలో చేరింది. 1901లో మొదటి మోటారుసైకిలు తీశారు. బుల్లెట్టు అన్న పేరు 1930ల మొదట్లో పుట్టింది. సూది, తుపాకి, సైకిలు - మూడింటికీ ఉమ్మడి శత్రువు తుప్పే. సైకిలు పనివారికి ఆ నల్లని కాల్చిన పూత అప్పటికే కరతలామలకం. చట్రాన్ని రంగులో ముంచి, కాల్చి, రాళ్లపొడితో రుద్ది, మళ్లీ ముంచి, మళ్లీ కాల్చి, చివఱకు ఉడుత వెండ్రుకల పొడవైన కుంచెతో బంగారు గీత లాగేవారు. మోటారుసైకిలు ఆ సైకిలుకు తమ్ముడు కనుక ఆ నలుపూ ఆ గీతా దానికి వారసత్వంగా వచ్చాయి. పాత బండ్లు నల్లగా ఎందుకుంటాయని పిల్లలు అడిగితే, ఆ రోజుల్లో అందఱికంటె గట్టి పూత నలుపే కనుక అని చెప్పవచ్చు. అమెరికాలో ఫోర్డు 1914 నుండి 1925 వఱకు తన 'టి' మోడలు కారును నలుపులోనే అమ్మాడు. అంతకుముందు ఆ కారుకే ఎఱుపు, ఆకుపచ్చ, బూడిద రంగులు ఉండేవన్న సంగతి చాలామంది మఱచారు.

రంగు రంగుల బండ్లకు అడ్డంకి ఆఱే కాలం. నూనె వార్నిషు పొరలు ఒక్కొక్కటి ఆఱి, రుద్ది, మళ్లీ పూసి బండి బయటికి రావడానికి వారాలు పట్టేవి. ఆ అడ్డంకిని తొలగించినది తుపాకిమందు అంటే నమ్ముతారా? 1846లో బాజెల్ నగరంలో షోన్‌బైన్ అనే రసాయనవేత్త పత్తిని ఆమ్లాలలో నానబెట్టి పేలుడు పత్తి చేశాడు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసేసరికి అమెరికాలో డ్యూపాంట్ సంస్థ దగ్గఱ ఆ పత్తిని చేసే యంత్రసామగ్రి పెద్దయెత్తున మిగిలిపోయింది. దానితో ఏమి చేయాలన్న ప్రశ్నకు దొరికిన సమాధానాలలో ఒకటి, ఆ జాతి పత్తిని ద్రావకాలలో కరిగించి రంగు కలిపి చిమ్మడం. 1923లో జనరల్ మోటార్స్‌వారి ఓక్‌లాండు కారు నీలిరంగులో అట్లా బయటికి వచ్చింది. ఆ రంగు పేరు డ్యూకో. వారాల పని గంటలలోకి వచ్చింది. మన దేశంలో ఆ పేరు రంగుల దుకాణాల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, ఏ సంస్థ రంగు చిమ్మినా "డ్యూకో వేయించాం" అనేవారు. బీరువాలకూ తలుపులకూ కూడా డ్యూకోనే. మా అన్నయ్య సరేసరి. ఇంటి గేటుకు సున్నం కొట్టించినా "డ్యూకో కొట్టించా" అని హాస్యమాడేవాడు.

క్రోమియం పూత కూడా ఆ 1920లదే. అంతకుముందు మెఱుపంతా నికెలుది. నికెలు తుప్పును బాగా ఆపుతుంది కాని త్వరగా మసకబారుతుంది, రోజూ తోమాలి. క్రోమియం మసకబారదు. కాని అది నికెలు మీద అతి పలుచని మెఱుగు మాత్రమే, ఇనుమును నిజంగా కాపాడేది కిందనున్న నికెలే. మెఱిసేవాడికి పేరు, మోసేవాడికి పని అన్నమాట. కింద నికెలు పలుచగా వేసి పైన క్రోమియం మెఱిపించిన హ్యాండిళ్లు బందరు గాలికి ఒక్క వానాకాలం కూడా నిలవవు.

రెండవ ప్రపంచయుద్ధంలో ఈ మెఱుపంతా మాయమైంది. సైన్యపు బండికి నిగనిగ పనికిరాదు, శత్రువుకు కనబడుతుంది. నికెలూ క్రోమియమూ ఆయుధాలకు పోయాయి. మెఱుగు లేని మట్టిరంగు పూశారు. ఆ రోజుల్లోనే రాయల్ ఎన్‌ఫీల్డువారు 'ఫ్లయింగ్ ఫ్లీ', అంటే ఎగిరే గోమారి అనదగిన, 125 సీసీ చిన్న బండిని చేశారు. దానిని ఇనుప గొట్టాల పంజరంలో బిగించి, గొడుగు తగిలించి విమానంలోంచి కిందికి దింపేవారు. నేడు మన బండ్లకు ముందు తగిలించే లెగ్ గార్డులను చూసినప్పుడల్లా నాకు ఆ పంజరం గుర్తుకు వస్తున్నది, రెండింటికీ చుట్టరికం ఉన్నా లేకపోయినా.

మన దేశానికి బుల్లెట్టు సైన్యం కోసమే వచ్చింది. 1950ల తొలి సంవత్సరాలలో సరిహద్దు గస్తీకి 350 సీసీ బండ్లు 800 కావాలని మన ప్రభుత్వం అడిగింది. 1955లో మద్రాసు మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డు ఇండియా ఏర్పడింది. తిరువొత్తియూరులో కర్మాగారం. మొదట ఇంగ్లండు నుండి వచ్చిన భాగాలను బిగించేవారు, 1962 నాటికి భాగాలన్నీ ఇక్కడే తయారయ్యాయి. 1967లో రెడ్డిచ్ కర్మాగారం మూతపడింది. తల్లి పోయినా బిడ్డ మద్రాసులో బ్రతికింది.

తిరువొత్తియూరు అనగానే నా బోటివాడికి ముందు తోచేది త్యాగరాజస్వామి అక్కడి త్రిపురసుందరి మీద చెప్పిన అయిదు కీర్తనలు. ఆ ఊరికి సముద్రం కూతవేటు దూరం. ఉప్పుగాలి ఇరవైనాలుగు గంటలూ వీచే చోట ఇనుప బండ్లకు రంగు వేయడమంటే సింహం నోట్లో తల పెట్టి పండ్లు లెక్కపెట్టినట్లే. కాని వేశారు. అంతకంటె గొప్ప విషయం, ట్యాంకు మీది బంగారు గీత. అది యంత్రం గీసినది కాదు, అంటించినది కాదు. పొడవైన కుంచెను రంగులో ముంచి, చిటికెనవ్రేలు ట్యాంకుకు ఆనించి, ఊపిరి బిగబట్టి ఒక్క లాగులో మనిషి గీసినది. ఒక కుటుంబంలోని అన్నదమ్ములు తరాలుగా ఆ విద్యలో ప్రసిద్ధులయ్యారు. 2013లో ఒరగడంలో కొత్త కర్మాగారం వచ్చిన తరువాతా ఆ గీత చేతిపనిగానే సాగింది. చేతితో గీసిన గీతలో ఒకచోట కాస్త లావు, ఒకచోట కాస్త సన్నం ఉంటుంది. మా అన్నయ్య ట్యాంకు ఎడమవైపు వంపు తిరిగేచోట అట్లాంటి చిన్న వణుకు ఒకటి ఉన్నది. ఆయన కొత్తలో దానిని చూపి, "వీడికి అప్పుడే తుమ్ము వచ్చి ఉంటుందిరా" అన్నాడు.

అన్నయ్య ఆ బండిని చూసుకొన్న తీరు ఒక వ్రతం. విద్యుత్తు శాఖలో ఉద్యోగం, పల్లెల వెంట తిరుగుడు. సాయంత్రం వచ్చాక ముందు నీళ్లు పోసి దుమ్ము నానబెట్టి, ఆ తరువాతనే గుడ్డ తాకించేవాడు. పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే ఆ దుమ్మే గరుకు కాగితమై రంగును గీరుతుందని ఆయన సిద్ధాంతం, అది అక్షరాలా నిజం. వానాకాలం ముందు క్రోమియం మీద పలుచగా గ్రీజు పూసేవాడు. పెట్రోలు పోసేవాడి చేతినుండి గొట్టం తాను తీసుకొనేవాడు, ఒక్క బొట్టు ట్యాంకు మీద జాఱినా తన తువ్వాలుతో అద్దేవాడు. వదినగారు వెనుక కూర్చునే వైపు చక్రానికి చీర గార్డు. ఆ గార్డు చట్టంలోకి ఎక్కినది 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలతో, 123వ నియమం. వెనుక చక్రంలో సగమైనా మూయాలని అందులో ఉన్నది. అన్నయ్య బండికి అది పన్నెండేళ్ల ముందే ఉన్నది. చక్రంనుండి చీరనే కాదు, చీర గాజుల రాపిడి నుండి రంగును కూడా అది కాపాడేది.

ట్యాంకుకు రెండువైపులా రబ్బరు ప్యాడ్లు ఉండేవి. మోకాళ్లు ఆనించి పట్టు దొరకడానికి, రంగు అరగకుండా ఉండడానికి. 1990ల నడుమ కుడివైపుది చిరిగి ఎక్కడో పడిపోయింది. అన్నిటికీ అంత జాగ్రత్త పడ్డ మనిషి ఆ ఒక్కదానిని మళ్లీ వేయించలేదు. ఎందుకో నేను అడగలేదు. మోకాలి రాపిడి, పంట్లాము బట్ట, చెమట ఉప్పు, రోడ్డు దుమ్ము కలిసి పాతికేళ్లలో ముందు గీతను, తరువాత నలుపును, ఆ తరువాత కింది ఎఱ్ఱని ప్రైమరును తినేశాయి. అంచుల దగ్గఱ చూస్తే చెట్టు కాండం కోస్తే కనిపించే వలయాల వలె ఒక్కొక్క పొరా కనిపిస్తుంది.

ఈ రాపిడి సంగతి చదువుతున్నప్పుడు ఢిల్లీ ఇనుపస్తంభం గుర్తుకు వచ్చింది. ఏడు మీటర్ల ఎత్తు, ఆరు టన్నులకు పైగా బరువు, పదహారు వందల ఏళ్ల వయస్సు. దానికి రంగు లేదు, కళాయి లేదు. మన పాత కొలిమి పద్ధతిలో ఇనుములో భాస్వరం ఎక్కువ మిగిలిపోయింది. ఆ భాస్వరం సాయంతో ఇనుము తన మీద తాను ఒక పలుచని రక్షణ పొరను పెంచుకొన్నదని కాన్పూరు ఐఐటి ఆచార్యులు బాలసుబ్రహ్మణ్యంగారు వివరించారు. వందల ఏళ్లు ఎండావానా చేయలేని పని సందర్శకులు చేశారు. వెనక్కి ఆని నిలబడి చేతులు రెండూ కలిపితే అదృష్టమని ఒక నమ్మకం పుట్టి, అందఱూ ఆ చోటనే ఒరిసి ఒరిసి పొరను చెరిపేశారు. 1997లో చుట్టూ కంచె వేయవలసివచ్చింది. ప్రేమతో ముట్టుకోవడం కూడా అరుగుదలే.

ఇప్పుడు ఇంటి తగాదాకు వస్తాను. మా వాడు సాఫ్ట్‌వేరు ఉద్యోగి, బండి మీద తండ్రికి ఉన్నంత ప్రేమా ఉన్నది. అతడి పథకం ఇది. బండి మొత్తం విప్పి, రంగంతా ఇనుము కనబడేదాకా ఒలిచి, కొత్తగా ప్రైమరు, నలుపు, పైన పారదర్శకమైన పూత వేయించి, ట్యాంకు మీద రక్షణ ఫిల్ము అంటించాలి. ఆ ఫిల్ము కథ కూడా చెప్పాడు. వియత్నాం యుద్ధంలో హెలికాప్టరు రెక్కలను ఇసుక, రాళ్లు కోసేస్తుంటే, వాటిని కాపాడడానికి అమెరికాలో త్రీఎమ్ సంస్థ చేసిన పాలియురిథేను పొర దాని మూలమట. యుద్ధం వదిలిపోయిన వస్తువు మళ్లీ మన బండి మీదికే వచ్చింది. "బాబాయ్, ఇట్లా చేస్తే ఇంకో యాభై ఏళ్లు చూడక్కఱలేదు" అన్నాడు. తుప్పు పట్టించినవాడిని కనుక నేను నోరెత్తలేదు.

వదినగారు వంటింట్లోంచి వచ్చి, "ట్యాంకు మాత్రం ముట్టుకోవద్దు" అన్నది.

"అమ్మా, తుప్పు ఆగదు. లోపలికి పోతుంది" అన్నాడు వాడు.

"ఆ మోకాలి చోట పట్టిందా?"

పట్టలేదు. ఎందుకు పట్టలేదో అప్పుడు చెప్పింది. ప్రతి శుక్రవారం తలంటుకొన్నాక, మిగిలిన కొబ్బరి నూనె చేతితోనే టార్పాలిన్ ఒక కొస ఎత్తి ఆ చోట రాసేదట. రెండున్నరేళ్లు. "మఱి మిగతా బండి చూడలేదా వదినా" అన్నాను. "నువ్వు కట్టావు గదయ్యా, బాగానే కట్టి ఉంటావని మిగతా తాళ్లు విప్పలేదు" అన్నది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. నేనే తల వంచుకొన్నాను.

బండిని మా పాత విద్యార్థి ఒకడి షెడ్డుకు తీసుకుపోయాం. ఎనిమిదవ తరగతిలో సంధులు రాక నా చేత తిట్లు తిన్నవాడు, ఇప్పుడు ఆ చుట్టుపక్కల పేరున్న పెయింటరు. మోకాలి చోటు మీద వ్రేలు పెట్టి చూసి, "మాస్టారూ, దీనిమీద ఏ పూతా నిలవదండీ. నూనె ఇనుములోకి పోయింది. నిలవాలంటే మొత్తం కడిగి గరుకు పట్టించాలి, అప్పుడిది ఇట్లా ఉండదు. ఫిల్ము అంటిస్తే కింద చెమ్మ నిలిచి ఇంకా చెడుతుంది" అన్నాడు. అవిసె నూనె అయితే పొరకట్టి ఉండేది, ఏదో ఒకనాడు పగిలేది. కొబ్బరి నూనె పొరకట్టదు, కనుక పగలదు. కాని చెరిగిపోతుంది, కనుక మళ్లీ మళ్లీ రాయాలి. ఎవరో ఒకరు రాస్తూ ఉన్నంతకాలమే అది పని చేస్తుంది.

చివఱకు కుదిరిన రాజీ ఇది. మడ్‌గార్డులు, చట్రం ఒలిచి, ఫాస్ఫేటు నీళ్లతో కడిగి, ప్రైమరు వేసి నలుపు చిమ్మాడు. లప్పం వీలైనంత తక్కువ పెట్టమన్నాను, లప్పం చెమ్మ పీల్చుకొంటుంది. హ్యాండిలు మళ్లీ నికెలు మందంగా వేయించి ఆ పైన క్రోమియం వేయించాం. ట్యాంకు లోపల కూడా తుప్పు దిగింది, సగం ఖాళీగా వదిలినది కూడా నేనే. ఖాళీ ఉన్నచోట తేమగాలి చేరుతుంది, పైగా ఇప్పటి పెట్రోలులో కలిపే ఎథనాలు తేమను పిలిచి మరీ తెచ్చుకొంటుంది. పిడికెడు నట్టులు, కిరసనాయిలు పోసి ఇద్దరు కుఱ్ఱవాళ్లు ఒక పూటంతా ట్యాంకును ఊపారు. బయట అడుగు కుట్టు దగ్గఱ బొబ్బలు గీకి అంతవఱకే అతుకు వేశాడు. మిగతా నలుపు 1977 నాటిదే. దానిని సబ్బునీళ్లతో కడిగి మైనం రుద్దాం. కొత్త మడ్‌గార్డుల పక్కన పాత ట్యాంకు కాస్త వెలవెలబోతున్నది. మా వాడికి అది ఇప్పటికీ నచ్చలేదు, వాడి మాటలోనూ న్యాయం లేకపోలేదు. చూసేవాళ్లు పని సగంలో ఆపారేమని అడుగుతున్నారట.

పెయింటరు గీతలు కలుపుతానన్నాడు. వాడి చేతిలో ఆ విద్య ఉన్నది, ఒక రేకు ముక్క మీద గీసి చూపాడు, తిరువొత్తియూరువారికి తీసిపోదు. వదినగారు రేకు ముక్క చూసి మెచ్చుకొని, మడ్‌గార్డుల మీద గీయమన్నది. ట్యాంకు మీద వద్దన్నది.

మా వాడు హైదరాబాదు వెళ్లాక మద్రాసునుండి కుడివైపు రబ్బరు ప్యాడు తెప్పించి పంపాడు. అసలు అచ్చులోదే, మరలతో సహా. అది తగిలిస్తే ఆ చోటు సురక్షితంగా ఉంటుంది, కాని కనబడదు. పొట్లం విప్పి చూపాను. వదినగారు దానిని చేతిలోకి తీసుకొని, రెండువైపులా త్రిప్పి చూసి, అన్నయ్య కళ్లజోడు పెట్టె ఉన్న అలమారలో పెట్టింది. బండికి తగిలించమని ఇంకా అనలేదు.